‘వోయిండు’ తప్పెట్లయితది?



మూడో తరగతి పిల్లగాడు. తెర మీద ‘రాజు ఊరికి వెళ్ళాడు’ అని ఉంది. ‘రాజు ఊరికి వోయిండు’ అని చదివాడు. ఆఖరి మాట ఎర్రబడింది. మళ్లీ చదివాడు, మళ్లీ ‘వోయిండు’, మళ్లీ ఎరుపు. మూడోసారి నోరు తెరవలేదు.

ఎల్దుర్తి మండలంలో ఒక బడిలో టీచింగ్ ప్రాక్టీస్ చేస్తున్న చెల్లె ఇది నాకు చెప్పింది. మాదిగవాడ బిడ్డ. ఆ ఇంట్లో బడి మెట్టెక్కిన మొదటి మనిషి. పోయిన వారం హాస్టళ్ల మీద రాసిన భాగం చదివి, ‘అన్నా, గీ ముచ్చట గూడ రాయరాదు’ అన్నది.

పిల్లలు బయటికి చదువుతుంటే వినే ఆప్ అది. ఏ ఆప్ అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. తెర మీది మాటను, తాను విన్న మాటను పోల్చుకుంటుంది. కలిస్తే పచ్చ, కలవకపోతే ఎరుపు. చివరికి నిమిషానికి ఎన్ని మాటలు సరిగ్గా చదివారో లెక్క ఇస్తుంది. ఆ లెక్క చూసి పిల్లలను గుంపులు చెయ్యమన్నారు. చేసింది. చూస్తే అడుగు గుంపులో ఉన్నవాళ్లంతా వాడ పిల్లలే.

మరి ఆ పిల్లగాడికి చదువు రానట్టేనా? అక్షరాలు కూడబలుక్కునే పిల్లలు ‘వెళ్ళాడు’ను ‘వెలాడు’ అంటారు, ‘వేలడు’ అంటారు. ‘వోయిండు’ అనరు. అట్లా అనాలంటే ముందు ఆ మాట చదవాలి, అర్థం కావాలి, ఆ అర్థం అమ్మ భాషలో బయటికి రావాలి. చెల్లె ఫోన్ పక్కన పెట్టి, ‘రాజు యాడికి వోయిండురా, ఎందుకు వోయిండు?’ అని అడిగింది. వాడు కథ మొత్తం చెప్పాడు. పచ్చ గుంపులో గడగడా చదివిన ఇద్దరు ఆ ఒక్క ప్రశ్నకు తెల్లమొహం వేశారట.

ఇది కొత్తగా బయటపడ్డ సంగతేం కాదు. అమెరికాలో కెన్నెత్ గుడ్‌మన్ 1960లలోనే, బయటికి చదివేటప్పుడు వచ్చే తేడాలన్నిటినీ ఒక గాటన కట్టొద్దన్నాడు. వాటికి ‘మిస్‌క్యూ’ అని పేరు పెట్టాడు. అర్థాన్ని చెడగొట్టే తేడా వేరు, నిలబెట్టే తేడా వేరు. ఆయన 1965లో పిల్లల యాస చదువుకు అడ్డమనుకున్నాడు. 1973కు వచ్చేసరికి తన మాట తానే మార్చుకున్నాడు. అడ్డం యాస కాదు, ఆ యాసను బడి కాదనడమే అన్నాడు. బీఎడ్, డీఎడ్ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఆ రెండు వ్యాసాలూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.

2025 ఫిబ్రవరిలో తెలంగాణలో ఏఐతో ప్రాథమిక బడి పిల్లలకు తెలుగు, లెక్కలు నేర్పే ప్రయోగం ఆరు జిల్లాల్లో మొదలైంది. మన మెదక్ అందులో ఒకటి. చెల్లె వాడింది అది కాదు, ఆ ప్రయోగం మీద ఇక్కడ తీర్పూ చెప్పడం లేదు. కానీ రేపు ప్రతి ట్రైనీ చేతిలో ఇలాంటిది ఏదో ఒకటి ఉంటుంది. మన గొంతులు కూడా రికార్డు చేసి యంత్రానికి నేర్పితే సరిపోతుందని కొందరు మిత్రులంటారు. నేర్పాల్సిందే. అయినా సరిపోదు. ‘వోయిండు’ను ఫోన్ అక్షరం పొల్లుపోకుండా విన్నా, పోల్చేది అచ్చులో ఉన్న ‘వెళ్ళాడు’తోనే. ఎంత బాగా వింటే అంత కచ్చితంగా తప్పు పెడుతుంది.

మన పిల్లలకు ‘వెళ్ళాడు’ రావాలి, అందులో రెండో మాట లేదు. డీఎస్సీ పేపరూ, ఎఫ్ఐఆర్ కాగితమూ రాసేది ఆ భాషలోనే. నా పీహెచ్‌డీ కూడా ఆ భాషలోనే రాసిన. ‘వోయిండు’ అన్న నోరు మూయించి ‘వెళ్ళాడు’ అనిపించడం మీదనే నా కొట్లాట.

ఫోన్ పారేయమని కూడా అనను. 2020 సెప్టెంబర్ 1న యాదగిరి చానల్‌లో, టీశాట్‌లో పాఠాలు మొదలైనప్పుడు టీవీ లేని ఇండ్లు ఎవరివో మనం చూసినం. బ్రెజిల్‌లో పాలో ఫ్రేరే 1963లో ఆంజికోస్‌లో 300 మంది కూలోళ్లకు అక్షరాలు నేర్పినప్పుడు ఆ కాలపు యంత్రమే వాడాడు, స్లైడ్ ప్రొజెక్టర్. కాకపోతే గోడ మీద పడిన మాటలు వాళ్ల పనిలోంచి, వాళ్ల బతుకులోంచి ఏరినవి.

చెల్లె ఫ్రేరేను చదవలేదు. అయినా తర్వాతి పాఠం అట్లనే చేసింది. ఇంటి ముచ్చట చెప్పమని పిల్లలను అడిగి, ఫోన్‌లో రికార్డు చేసి, రాత్రి కూర్చుని వాళ్లన్నది అన్నట్టే టైపు చేసింది. పొద్దున తరగతి టీవీ మీద పెట్టింది. ‘మా తాత డప్పు కాగవెట్టిండు.’ మొన్న నోరు మూసుకున్న పిల్లగాడిదే ఆ వాక్యం. లేచి చదివాడు, పక్కోళ్లకు కూడా చదివి చూపించాడు. ఆ ‘డప్పు’ పట్టుకునే ఆమె ద్విత్వాక్షరాలు చెప్పింది. డప్పు, చెప్పు, ఉప్పు, పప్పు. పకారానికి పకారం ఒత్తు అందరికీ వచ్చేసింది. తర్వాత ‘కాగవెట్టిండు’ కింద ‘కాగబెట్టాడు’ అని రాసి, రెండూ చదివించింది.

పాఠం చూడవచ్చిన పెద్దమనిషి రికార్డులో ‘పదాల ఎంపిక మార్చుకోవాలి’ అని రాశాడు. పప్పు, ఉప్పు మీద ఆయనకు ఏ అభ్యంతరమూ లేదు. డప్పూ చెప్పూ కిందనే ఎర్రగీత ఉంది. మార్కులు కూడా తగ్గించాడు. ‘పేజీ చింపి మళ్లీ రాయాల్నా అన్నా?’ అని అడిగింది. చింపకు, ఆ గీతను ఫొటో తీసి దాచుకో, కింద పిల్లలు చదివిన వాక్యాలు తేదీ వేసి రాయి అన్నాను. రాసిందట.

వచ్చే వారం రకారం ఒత్తు. బర్రె, గొర్రె, కర్ర. మాటలు పిల్లలే ఏరి ఇచ్చారు.