నాయన ప్లగ్గుల డబ్బా

మా ఇంట్లో తెలుగు మాట్లాడడానికే గాని రాయడానికి లేదు. కోలారు వైపు వాళ్లం, చదువంతా కన్నడ మీడియం. మేము అన్నదమ్ములం ఇద్దరం, ఒకరిది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ఒకరిది బ్యాంకు. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది ముప్పై దాటినాకే. నాయనకు ఇప్పటికీ రావు. ఆయన షెడ్డు నోటుబుక్కులో మాట తెలుగు, లిపి కన్నడ. ఆ నోటుబుక్కు పక్కనే ఒక పాత బిస్కెట్ డబ్బా ఉండేది. దాంట్లో స్పార్క్ ప్లగ్గులు.

1980ల్లో నాయన షోలవరం రేసులకు పోయే ఫియట్ కార్లకు పని చేసేవాడు. షోలవరం అంటే మద్రాసు దగ్గర, రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే. నేరుగా పోయే దారి పొడుగు, ఇంజనుకు ఊపిరి తీసుకునే సందు ఉండదు. "ప్లగ్గు తప్పైతే ఆడనే తెలిసిపోతుంది" అనేవాడు.

ప్లగ్గుల్లో వేడివి, చల్లవి అని ఉంటాయి. తేడా స్పార్కులో కాదు, మంట వేడి ప్లగ్గు మొన నుంచి హెడ్డుకు ఎంత తొందరగా దిగిపోతుంది అన్నదాంట్లో. లోపలి పింగాణీ ముక్కు పొడుగైతే వేడి నిదానంగా దిగుతుంది, అది వేడి ప్లగ్గు. పొట్టిదైతే చల్లది. ఆ ముక్కు సుమారు 450 డిగ్రీలు దాటితేనే మసి కాలిపోతుంది. 850 దాటి ఇంకా ఎర్రబడితే స్పార్కు రాకముందే అదే పెట్రోలును అంటించేస్తుంది. అందుకే రేసుకు చల్లది. అయితే చల్లది వేసి ఇంజనును నిదానంగా వార్మప్ చేస్తే మసి పట్టి చస్తుంది. కాబట్టి నాయన వేడి ప్లగ్గులతో వార్మప్ చేసి, బండి లైనుకు పోయే ముందు నాలుగూ మార్చేవాడు. రేసు ప్లగ్గులు అంతదాకా చొక్కా జేబులోనే.

గ్యాప్ ఇంకో లెక్క. రోడ్డు మీద 0.6, 0.7 మిల్లీమీటర్లు పెట్టే బండికి రేసులో 0.5 పెట్టేవాడు. కంప్రెషన్ పెంచినాక ఆ ఒత్తిడిలో స్పార్కు దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాల. పైగా నాలుగు సిలిండర్లకు ఒకే కాయిల్. 6000 ఆర్‌పీఎంలో సెకనుకు 200 స్పార్కులు, ఒక్కోదానికి 5 మిల్లీసెకన్లు. కాయిల్ నిండడానికి అంతకన్నా తక్కువే దొరుకుతుంది. గ్యాప్ సరిచేసేటప్పుడు వంచాల్సింది పక్క కొక్కెం ఒక్కటే. నడిమి కడ్డీ మీద బలం పెడితే పింగాణీ పగులుతుంది.

రెండేళ్ల కింద నాయన ఫియట్‌ను మళ్లీ కట్టినాం. హెడ్డు గీకించి కంప్రెషన్ పెంచినాం. ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో ఒక్కరోజు తిప్పాలని ఆశ. పిస్టన్లు నాయన ముప్పై ఏళ్లుగా పేపరులో చుట్టి దాచినవి. ఆయనకు చేతులు వణుకుతాయి ఇప్పుడు, పక్కన కుర్చీ వేసుకొని చూస్తున్నాడు.

నోటుబుక్కులో "షోలవరం, 240" అని ఉంది. అది పాత మైకో నంబరు. అంగట్లో కొత్త కోడు ప్లగ్గులే దొరికినాయి, 5 ఒకటి, 8 ఒకటి. పాత నంబర్లలో అంకె పెద్దదైతే చల్లది. ఎన్‌జీకేలోనూ అంతే. మేము 8 తెచ్చినాం. కొత్త బాష్ కోడులో అది తిరగబడి ఉంటుందని, అంకె చిన్నదైతేనే చల్లదని మాకు తెలియదు. గ్యాప్ మాత్రం వైరు గేజుతో మూడేసి సార్లు చూసి షీటులో ఎక్కించినాం. టెస్టింగ్ బుద్ధి ఎక్కడికి పోతుంది! నంబరు సంగతి నాయనను ఒక్క మాట అడగలేదు.

ఐదో ల్యాపులో ఇంజను కటకటమంది, వెనక నీలం పొగ. మూడో సిలిండర్ ప్లగ్గు తీస్తే ముక్కు సున్నం మాదిరి తెల్లగా ఉంది, దాని మీద మెరిసే చుక్కలు. ఆ చుక్కలు పిస్టన్ అల్యూమినియమే. హెడ్డు తీస్తే పిస్టన్ నడిమిలో పెసరగింజంత తూటు.

నాయన ప్లగ్గును వెలుతురుకు తిప్పి చూసినాడు. "ఇది రోడ్డుదప్పా. నన్ను అడగొచ్చు కదరా" అన్నాడు. ఇంకేం అనలేదు. తిట్టుంటే బాగుండు అనిపించింది మాకు.

నోటుబుక్కు చివరి పేజీలో ఒక లైను ఉంది: "తెల్లగుంటే చల్లది, నల్లగుంటే వేడిది." అది మేము ముందే చదివినాం. చల్ల ప్లగ్గు తెల్లగా ఉంటుందేమో అనుకొని పేజీ తిప్పేసినాం. నాయన రాసుకున్నది వేరే. వాడి తీసిన ప్లగ్గు తెల్లబారి ఉంటే దానికన్నా చల్లది వేయాల, మసి పట్టి నల్లగా ఉంటే వేడిది వేయాల. ఆయన తనకోసం రాసుకున్నాడు, మిగతా మాటలు ఆయన మనసులోనే ఉన్నాయి.

ఇప్పుడు ఆదివారాలు ఆ నోటుబుక్కును తెలుగు అక్షరాల్లోకి ఎత్తి రాస్తున్నాం. ప్రతి లైనూ నాయనకు చదివి వినిపించి, "అంటే ఏంది నాయనా?" అని అడిగి, ఆయన చెప్పింది పక్కన రాస్తున్నాం. పిస్టన్లు వేరేవి దొరికినాయి. కొత్త ప్లగ్గులకు గ్యాప్ మేము పెడతాం, ఆయన ఒక్కొక్కటీ కంటి దగ్గర పట్టుకొని చూస్తాడు. చేయి వణుకుతుంది గాని చూపు తప్పదు. మొన్న నాలుగింట్లో ఒకటి వెనక్కి ఇచ్చినాడు. గేజు పెట్టి చూస్తే 0.55 ఉంది.