కొర్రబయలులో తూనీగ క్లోజప్!

క్లోజప్ అనగానే మీకు ఎవరి కళ్ళు గుర్తొస్తాయి? సావిత్రి కళ్ళా? వాణిశ్రీ కళ్ళా? ఎవరివైనా సరే, రెండే కదా! నేను ఈమధ్య ఔట్‌డోర్‌లో కలిసొచ్చిన తారామణికి ఒక్కో పెద్ద కంట్లో వేలకొద్దీ చిన్న కళ్ళున్నాయి. ఆమె జాతిలో కొందరికి ఆ లెక్క 30,000 దాకా పోతుంది. మేకప్ లేదు, డూప్ లేదు, వెనకాల గొడుగు పట్టే మనిషి అసలే లేడు. కాల్షీటు మాత్రం మహా పిసినారితనంగా ఇస్తుంది. తెల్లవారి వెలుగొచ్చినప్పటి నుంచి ఒంటికి ఎండ తగిలేదాకా... అంతే!

ఆ తార పేరు తూనీగ. మకాం లంబసింగి.

2023 డిసెంబరులో నేనూ, నా మిత్రుడొకడూ విశాఖపట్నంలో బస్సెక్కాం. మిత్రుడు షార్ట్ ఫిల్ములకు కెమెరా పడతాడు. నర్సీపట్నంలో దిగి, వేడివేడి టీ తాగి, అక్కణ్నుంచి సుమారు 30 కిలోమీటర్లు ఘాట్ రోడ్డు మీద పైకి ఎక్కాం. మలుపు మలుపుకీ స్వెట్టరు గుండీ ఒకటి పెట్టుకోవాల్సి వచ్చిందంటే నమ్మండి! సముద్రమట్టానికి 1,000 మీటర్లకు అటూ ఇటూ ఎత్తులో ఉన్న చిన్న ఊరు లంబసింగి. చింతపల్లి మండలం. 2022లో జిల్లాలు మారాక అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చింది.

ఆ ఊరికి ఇంకో పేరుంది. కొర్రబయలు. కొర్ర అంటే కర్ర. శీతాకాలం రాత్రి ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడట. అందుకని ఆ పేరు. ఈ పేరుని కాస్త గుర్తుంచుకోండి. మన కథంతా దాని మీదే నడుస్తుంది.

అన్నట్టు, ఈ చింతపల్లి అడవులు సినిమావాళ్ళకి కొత్తేం కాదు. కృష్ణ 'అల్లూరి సీతారామరాజు' యూనిట్ ఇక్కడికే వచ్చింది. 1974లో విడుదలైన ఆ సినిమా తెలుగులో మొట్టమొదటి సినిమాస్కోపు. కొండా కోనా మొత్తం తెర మీద పట్టాలని వాళ్ళొచ్చారు. మేమేమో ఒక గడ్డిపరక మీద అంగుళం మేర పట్టాలని వెళ్ళాం. కష్టం ఎవరిదెక్కువ అంటే... ముందు సంగతి వినండి.

ఒక మిల్లీమీటరు గొడవ

పురుగుని అసలు సైజుకి సమానంగా కెమెరాలోకి తెచ్చుకోవడానికి మాక్రో లెన్సు వాడతారు. అంత దగ్గరికి వెళ్ళినప్పుడు వచ్చే చిక్కు ఏమిటంటే, ఫోకసులో ఉండే లోతు సుమారు ఒక్క మిల్లీమీటరు. కళ్ళు స్పష్టంగా వస్తే రెక్కలు మసక. రెక్కలు వస్తే కళ్ళు మసక. లెన్సు కన్ను ఇంకా చిన్నది చేస్తే లోతు పెరుగుతుంది కదా అంటారేమో. పెరుగుతుంది. కానీ మరీ సన్నటి కంతలోంచి వచ్చే కాంతి అంచుల్లో వంగి, బొమ్మ మొత్తం పొగచూరినట్టు మెత్తబడుతుంది.

దీనికి విరుగుడే ఫోకస్ స్టాకింగ్. ముందు ముక్కు దగ్గర ఫోకస్ పెట్టి ఒక ఫొటో. అర మిల్లీమీటరు వెనక్కి జరిపి ఇంకోటి. మరో అర మిల్లీమీటరు... ఇంకోటి. ఇలా ఇరవయ్యో ముప్ఫయ్యో తీసి కంప్యూటరుకి ఇస్తే, ప్రతిదాంట్లో స్పష్టంగా ఉన్న ముక్కని ఏరి ఒకే బొమ్మగా కుడుతుంది. హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ లాంటి సాఫ్ట్‌వేర్ల పని ఇదే.

మన పాత డబుల్ రోల్ సీన్లు ఎలా తీసేవారో విన్నారుగా? ఫ్రేములో సగానికి మాస్కు వేసి అన్నగారిని ఒకసారి, ఆ మాస్కు మార్చి మళ్ళీ అన్నగారినే ఇంకోసారి! హాలీవుడ్‌లో 1941 నాటి 'సిటిజెన్ కేన్'లో కూడా ఇలాంటి కిటుకే ఒకటుంది. కెమెరా ముక్కు కిందే మందు గ్లాసు, వెనక మంచం మీద మనిషి, ఇంకా వెనక తలుపు... దగ్గరా దూరమూ ఒకే షాట్‌లో స్పష్టం! ఫిల్ముని వెనక్కి తిప్పి, అదే ముక్క మీద మళ్ళీ చిత్రీకరించి సాధించారు. ఫోకస్ స్టాకింగ్ వాళ్ళ మనవడే అనుకోండి.

తేడా ఒక్కటే. నటులకి "కదలకండి" అని చెప్పొచ్చు. తూనీగకి ఎవరు చెప్తారు?

ఐస్ పెట్టె

రాత్రి గుడారంలో మిత్రుడు సంచీలోంచి ఒక థర్మోకోల్ పెట్టె తీశాడు. "చూశావా గురూ! దీంట్లో ఐస్ వేసి, పురుగుని కాసేపు పెట్టామనుకో, స్పృహ తప్పి బొమ్మలా పడుంటుంది. నీ ఇష్టమొచ్చినన్ని ఫ్రేములు తీసుకో" అన్నాడు.

ఇలా చేసేవాళ్ళు ఉన్నారు. ఫ్రిజ్‌లో పెట్టేవాళ్ళున్నారు, చంపి సూది గుచ్చేవాళ్ళూ ఉన్నారు. మిత్రుడి వాదన తేలిగ్గా కొట్టిపారేసేదీ కాదు. లెవన్ బిస్ అనే ఇంగ్లీషు ఫొటోగ్రాఫరు 2016లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో పురుగుల బొమ్మలు ప్రదర్శించాడు. ఒక్కో బొమ్మ వెనక సుమారు 8,000 ఫొటోలు! పురుగు ఊపిరి పీలిస్తే అది జరిగే పనేనా? అవన్నీ మ్యూజియంలో ఏనాటినుంచో దాచిన నమూనాలు.

"అవి చదువు కోసం దాచినవి. నీ నా సరదా కోసం ఇంకోదాన్ని గడ్డకట్టించడం దేనికి?" అన్నాను.

"2012లో 'ఈగ' చూసి మూడుసార్లు విజిల్ వేశావుగా, అందుకే ఈ జాలి!" అని నవ్వాడు. నిజమే, వేశాను. కానీ రాజమౌళిగారి హీరో కంప్యూటరులో పుట్టినవాడు. పడ్డా, కాలినా మళ్ళీ లేస్తాడు. ఐస్‌లో పెట్టిన పురుగు సంగతి అలా కాదు. కాళ్ళు ముడుచుకుంటాయి, రెక్కలు వాలిపోతాయి, కాసేపు ఎక్కువైతే ప్రాణమే పోతుంది. అప్పుడు తీసేది తూనీగ ఫొటోనా, దాని పటమా?

గుడారాలు చూసుకునే కుర్రాడు మంట ఎగదోస్తూ మా గొడవంతా విన్నాడు. "ఐస్ ఏటికి సార్? పొద్దున్న చెరువు గట్టుకి రండి. చలికి అవే కొయ్యబారిపోయి ఉంటాయి. ముట్టుకున్నా ఎగరవు" అన్నాడు.

కొర్రబయలు! ఆ పేరు మనుషులకే అనుకున్నాం. పురుగులకి మనలా ఒంట్లో వేడి పుట్టించే పొయ్యి ఎప్పుడూ వెలుగుతూ ఉండదు. గాలి చల్లబడితే అవీ చల్లబడతాయి. రాత్రి పట్టుకున్న గడ్డిపరకనే పట్టుకుని, మంచు కప్పుకుని, ఎండ కోసం కాచుకుని ఉంటాయి. ఊరే ఐస్ పెట్టె. కాకపోతే ఈ పెట్టె పొద్దున్నే మూత తీసి ప్రాణంతో వదిలేస్తుంది.

రెండు తెల్లవారుజాములు

మొదటిరోజు తూనీగ దొరికింది. గాలి కూడా దొరికింది! పరక ఒక మిల్లీమీటరు ఊగితే చాలు, ఫ్రేములన్నీ కలిపేసరికి ఒక కాలు రెండు కాళ్ళయి కూర్చుంటుంది. మిత్రుడు పెట్టె వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. ఎండొచ్చింది. ఆ రోజుకి ప్యాకప్.

రెండోరోజు పొగమంచు. ఆకు కదలడం లేదు. కుర్రాడు టార్చి వేసి చూపించాడు. నీటి చుక్కలు ముత్యాల్లా పొదిగిన తూనీగ! మిత్రుడు స్టాండు బిగించాడు. పరక ఊగకుండా దాని మొదలుకి, పురుగుకి దూరంగా, బట్టల క్లిప్పు పెట్టాం. ఫ్లాష్ మొహాన కొట్టకుండా బటర్ పేపరు అడ్డం పెట్టాం. సినిమావాళ్ళ పాత చిట్కాయే. ఊపిరి బిగబట్టి కళ్ళ దగ్గర మొదలుపెట్టాం. ఒకటి, రెండు, మూడు... ఇరవై నాలుగు. ఒక వరస పూర్తి.

రెండో వరసలో పదకొండో ఫ్రేము దగ్గర రెక్కలు సన్నగా వణికాయి. తూనీగ చలికి వణుకుతోందని జాలిపడకండి. ఎగిరే కండరాలని అలా ఆడించి వేడెక్కించుకుంటుంది. మన లారీ డ్రైవరు పొద్దున్నే ఇంజను రైజు చేసినట్టు! మిత్రుడి చెయ్యి క్లిక్ మీద ఆగిపోయింది. నిమిషం తర్వాత గడ్డిపరక ఒక్కటే మిగిలింది.

ఆ రాత్రి లాప్‌టాప్‌లో ఇరవై నాలుగు ముక్కలూ ఒక్కటయ్యాయి. గళ్ళు గళ్ళుగా కళ్ళు, వాటి మీద నీటి బొట్టు, ఆ బొట్టులో తలకిందులుగా కొండ! మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు. "ఐస్‌లో పెడితే ఈ బొట్టు రాదు గురూ" అన్నాడు చివరికి. తిరుగు ప్రయాణంలో ఆ థర్మోకోల్ పెట్టె నిండా లంబసింగి స్ట్రాబెర్రీలు తెచ్చుకున్నాం.

మీరూ వెళ్తారా? డిసెంబరు, జనవరి మంచి కాలం. ఖరీదైన లెన్సే ఉండాలని లేదు, సెల్‌ఫోనుకి తగిలించే చిన్న మాక్రో లెన్సుతో మొదలుపెట్టొచ్చు. పరక తెంపకండి, మంచు తుడవకండి. గట్టు మీద గడ్డిలో మంటలూ ప్లాస్టిక్ గ్లాసులూ వద్దు. మన తార నిద్రపోయేది అక్కడే మరి! రెక్కలు వణకడం మొదలుపెట్టగానే రెండడుగులు వెనక్కి వెయ్యండి. షాట్ పూర్తికాకపోయినా సరే. మర్నాడు తెల్లవారుజామున గట్టు మీద ఇంకో తార కాల్షీటు ఇచ్చి కూర్చుని ఉంటుంది.