పాత బియ్యం వేరు, పాత టీ పొడి వేరు

మా ప్రాంతంలో పాతదనానికి మర్యాద ఎక్కువ. ఏడాది నిలవున్న బియ్యమైతేనే అన్నం పొడిపొడిగా వస్తుందంటారు. పాత చింతపండు ఒంటికి మంచిదంటారు. ఆ లెక్కనే ఈమధ్య కొందరు మా అంగడికొచ్చి, "అన్నా, చైనాలో ముప్పై ఏళ్లు దాచిన టీకి వేలకు వేలు పోస్తారంట గదా, మనం కూడా నాలుగు కిలోలు దాచుకుంటే?" అని అడుగుతున్నారు. మార్కాపురంలో మా నాన్న మొదలుపెట్టిన లూజు టీ పొడి అంగడి నాది. కంభం, తర్లుపాడు, దోర్నాల టీ కొట్లవాళ్లు, గిద్దలూరు నుంచి వచ్చే చిల్లర వ్యాపారులు మా దగ్గర కొంటారు. పొడి ఎక్కువ అమ్ముడైతే నాకే లాభం. అయినా దాచుకోమని మాత్రం చెప్పను.

చైనావాళ్లు దాచేది మన పొడి కాదు. యునాన్ రాష్ట్రంలో పెద్దాకు తేయాకును ఎండలో ఆరబెట్టి, ఆవిరి పట్టి, బిళ్లలుగా అదుముతారు. పుఎర్ అంటారు దాన్ని. మామూలు బిళ్ల 357 గ్రాములు. అందులో ఆకు ఆకుగానే ఉంటుంది. వెచ్చని, తేమగల గాలిలో సూక్ష్మజీవులు ఏళ్ల తరబడి మెల్లగా పనిచేసి దాని వగరు తగ్గిస్తాయి. అన్నేళ్లు ఆగలేక 1973లో కున్‌మింగ్ ఫ్యాక్టరీవాళ్లు ఆకును కుప్పపోసి, నీళ్లు చల్లి, కొన్ని వారాల్లోనే మాగబెట్టే పద్ధతి తెచ్చారు. ఏ దారిలో పోయినా తేమ కావాలి. ఏప్రిల్, మే నెలల్లో మా ఊరి ఎండ నలభై రెండు, నలభై మూడు డిగ్రీలకు పోతుంది, గాలిలో చెమ్మే ఉండదు. ఆ బిళ్లను ఇక్కడ అటక మీద పెడితే మాగదు, ఊరికే ఎండిపోతుంది.

మనం తాగేది సీటీసీ. ఆకును రోలర్ల మధ్య నలిపి, చీల్చి, గుండ్రంగా చుట్టేస్తారు. 1930ల్లో అస్సాంలో పుట్టిన పద్ధతి ఇది. ఆకులో జరగాల్సిన మార్పంతా ఫ్యాక్టరీలోనే గబగబా జరిపించి, తేమ మూడు శాతానికి వచ్చేదాకా ఆరబెట్టి సంచుల్లోకి ఎక్కిస్తారు. ఇక ఇంటికొచ్చాక మాగడానికి అందులో మిగిలిందేమీ లేదు. డికాక్షన్‌కు ఆ మెరుపును, నాలుక మీద చురుకును ఇచ్చే థియాఫ్లావిన్లు నెలలు గడిచేకొద్దీ తగ్గుతాయి. తేమ ఏడు శాతం దాటిందంటే ముక్క వాసన, ఆ వెనకే బూజు.

పాతదో కాదో నేను పాలు పోయకుండా చూస్తాను. అస్సాం పొడితో చిక్కటి డికాక్షన్ తీసి గ్లాసులో పోసి పక్కన పెడతాను. పొడిలో సత్తువ ఉంటే చల్లారాక డికాక్షన్ మీగడ కలిసినట్టు మసకబారుతుంది. థియాఫ్లావిన్లు, కెఫీన్ కలిసి కట్టే మసక అది. మళ్లీ వేడిచేస్తే విడిపోతుంది. ఎంత చల్లారినా పలచగా, గోధుమరంగులోనే నిలిచిందంటే ఆ సరుకును నేను కొనను. పాత పొడికి రంగు కలిపి అమ్మేవాళ్లూ ఉన్నారు. తడిపిన తెల్ల కాగితం మీద నాలుగు పలుకులు చల్లి చూడండి. వెంటనే చుట్టూ రంగు పాకితే అది ఆకు రంగు కాదు.

దాచడం అసలు వద్దనీ కాదు. చలికాలంలో అస్సాంలో కోత ఉండదు. 2024లో టీ బోర్డు నవంబరు 30కే కోత ఆపించింది. కొత్త సరుకు బజారుకు దిగేదాకా నాలుగైదు నెలలు నాబోటివాళ్లు నిలవ సరుకుతోనే నడపాలి. అందుకే నిలవ చేయడం నా బతుకుతెరువులో సగం పని. మా నాన్న కాలంలో సరుకు ప్లైవుడ్ పెట్టెల్లో వచ్చేది, లోపల అల్యూమినియం రేకు కాగితం ఉండేది. ఖాళీ పెట్టెల కోసం జనం ముందే చెప్పిపెట్టుకునేవాళ్లు, పుస్తకాలకు, బట్టలకు. ఇప్పుడు పొరలు పొరల కాగితం సంచులు వస్తున్నాయి. వాటిని నేల మీద పెట్టను. వానాకాలంలో మా బండల నేల చెమ్మ తీస్తుంది, కింద చెక్కలు వేసి, గోడకు జానెడు దూరంలో పేరుస్తాను. విప్పిన సంచిని వారం పదిరోజుల్లో ఖాళీ చేస్తాను.

చెమ్మ కన్నా నేను ఎక్కువ భయపడేది వాసనకు. పక్కన ఏముంటే దాని వాసన టీ పొడి పీల్చేస్తుంది. అందుకే మా అంగడిలో సబ్బులు లేవు, అగరొత్తులు లేవు, మిరపకాయలు, ఇంగువ, కిరసనాయిలు ఏవీ లేవు. "ఒక్క పొడి పెట్టుకుని కూర్చుంటావా, కిరాణా పెట్టరాదూ" అని చుట్టాలు పోరు పెడతారు. పెడితే సాయంత్రానికి రాబడి పెరుగుతుందని నాకూ తెలుసు. కానీ సాంబ్రాణి వాసన పట్టిన పొడిని ఏ టీ కొట్టాయన తీసుకుంటాడు? టీ తాగేవాడికి ఆ తేడా తెలియకపోవచ్చు, ఏదో బాగాలేదని మాత్రం తెలుస్తుంది. మరుసటి రోజు పక్క కొట్టుకు పోతాడు.

ఇళ్లలో పొడి పాడయ్యేది పొయ్యి పక్కనే. చేతికందుతుందని డబ్బాను పొయ్యి మీది అరలో పెడతారు. వేడి, ఆవిరి, పోపు వాసన మూడూ అక్కడే. గాజు సీసాలో పోసి కిటికీలో పెడితే వెలుతురు తినేస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పొడి మీద నీరు పడుతుంది. బిగుతు మూతగల స్టీలు డబ్బా కావాలి, నిండుగా పోయాలి, ఎందుకంటే ఖాళీ ఉన్నంత మేరా గాలే. రోజూ తీసుకోవడానికి చిన్న డబ్బా వేరుగా పెట్టుకోవాలి. తడి చెంచా దగ్గరికి రానివ్వకూడదు. అడుగున మిగిలిన పాత పొడి మీద కొత్తది పోయకూడదు. యాలకులు, శొంఠి ముందే కలిపి పెట్టొద్దు, గ్లాసుకు కావలసినంత అప్పటికప్పుడు దంచుకోండి.

పాత టీ బిళ్లల గురించి అడిగేవాళ్లకు నేను తప్పకుండా చెప్పే మాట ఇంకొకటుంది. మా ప్రాంతంలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతమంది పళ్లను, మోకాళ్లను తిన్నదో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. తాగేనీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. తేయాకు చెట్టు కూడా నేలలోని ఫ్లోరైడ్‌ను పీల్చి ఆకుల్లో పెట్టుకుంటుంది, ముదురాకుల్లో మరీ ఎక్కువ. ముదురాకులను ఇటుకల్లా అదిమి చేసిన టీ తాగి టిబెట్‌లో జనం ఎముకల జబ్బు పడ్డారు. మన సీటీసీ లేతాకుదే అయినా అందులోనూ కొంత ఉంటుంది. నీళ్లు మరిగితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు తగ్గినకొద్దీ చిక్కబడుతుంది. కాబట్టి బోరు నీళ్లతో టీ పెట్టొద్దని, పొద్దున కాచినదాన్నే సాయంత్రందాకా మరిగించొద్దని కొట్లవాళ్లకు మరీమరీ చెబుతాను. ఫిల్టరు నీళ్లతో పెడితే గ్లాసు మీద తెట్టు కూడా కట్టదు, అది నీళ్లలోని సున్నం వల్ల వచ్చేది.

నలుగురున్న ఇంటికి నేను ఒకసారికి పావుకిలోకు మించి ఇవ్వను. కిలో అడిగితే, అయిపోయాక మళ్లీ రమ్మంటాను.