బొంతతో మూడూళ్ల ప్రయాణము

కాశీరామేశ్వర యాత్రలను గూర్చి వ్రాయువారు పెక్కురు గలరు. నేను చేసిన యాత్ర ఒక బొంతను చంకనిడుకొని చేసినది. జనగామలో బయలుదేఱి, మహబూబాబాదు మీదుగా భూపాలపల్లి చేరితిని. దారిలో నేర్చినది కొంత, సిగ్గుపడినది కొంత కలదు గనుక వ్రాయుచున్నాను.

మా యక్కగారు గతించి రెండేండ్లయినది. ఆమె పెట్టెలో మిగిలిన తెల్లని నూలుచీర యొకటి నాకడ నుండెను. అక్క కూతురు భూపాలపల్లిలో కాపురమున్నది. అల్లుడు సింగరేణి గనిలో పనిచేయుచున్నాడు. ఆ పిల్లకు ఏడవ నెల వచ్చినపుడు ఫోనులో నన్నడిగినది: "చిన్నమ్మా, అమ్మ చీరెతోని బొంత కుట్టియ్యవా? అమ్మ వాకిట్ల వేసే తామరపువ్వుల ముగ్గు దానిమీద ఉండాలె."

బొంత కుట్టుట మనలో నెవ్వరికిని క్రొత్త కాదు. పాతచీరలు నాలుగైదు పొరలుగా పఱచి, అంచులు మడిచి, చుట్టునుండి నడుమకు వరుసకుట్టు కుట్టుకొని పోవుటయే గదా. చిక్కెల్ల తామరలకే వచ్చినది. ఎనిమిది పూవులను దారముతో నిండుగా కుట్టినచో నెలలు పట్టును. పైగా బట్ట బిరుసెక్కి, ఒంటికి మెత్తదనముండదు. నాన్నగారు నాకింటనే భాగవతమును, వసుచరిత్రమును చెప్పిరి గాని చిత్రలేఖనము చెప్పలేదు. అయినను మావారు బడిపంతులు గనుక, పిల్లలు విఱిచి పాఱవైచిన క్రేయాను ముక్కలు మా యింట డబ్బాకు నిండుగా నుండును. వానిని జూడగా నాకొక యూహ తోచినది.

ఆ యూహ నాది మాత్రమే కాదని తరువాత తెలిసినది. 1903లో అమెరికాలో బిన్నీ అండ్ స్మిత్ అను సంస్థవారు ఎనిమిది రంగుల మైనపు కడ్డీల పెట్టెను క్రేయోలా యను పేర అయిదు సెంట్లకు అమ్మిరి. 1920, 1930 దశకములలో అచ్చటి గృహిణులు ఈ కడ్డీలతోనే నూలుబట్టపై పూవులకు రంగు పూసి, ఇస్త్రీతో స్థిరపఱచి, అంచులను దారముతో కుట్టి బొంతలకును, బల్లగుడ్డలకును వాడిరి.

పద్ధతి మిక్కిలి సులువు. గంజి పోవునట్లు ఉదికి ఆరవేసిన తెల్లని నూలుబట్ట కావలెను. దాని క్రింద గరుకు కాగితము పఱచినచో బట్ట జాఱదు. పెన్సిలుతో సన్నగా గీత గీసి, కడ్డీని ఒకే వైపునకు నడిపింపవలెను. మొదట పలుచని రంగును రేకంతయు పూసి, పిమ్మట అదే రంగును రేకు మొదట మఱల మఱల పూయుచు, చివరకు వచ్చుసరికి చేయి తేలికపఱచినచో తామరరేకునకు నీడయు వెలుగును దానంతట అవే వచ్చును. గులాబిరంగుపై కొంచెము ఊదారంగు పూసినచో లోతు కనబడును. ఒక్కమాఱుగా నొత్తి పూసిన రంగు గోడకు సున్నము వేసినట్లుండును గాని పూవువలె నుండదు. తరువాత పైన తెల్లకాగితము వేసి, నీటియావిరి లేని వేడి ఇస్త్రీపెట్టెను అదిమి అదిమి యెత్తవలెను, రుద్దరాదు. మైనము కరగి కాగితమునకు పట్టును, రంగు పోగులో నిలుచును.

చేతిరుమాలుపై పరీక్షించి నెగ్గితిని. ఆ గర్వముతో అక్క చీర పఱచి మొదటి తామర పూసితిని. ఇంట తెల్లకాగితము అయిపోయినది. అంగడికి పోవుటకు బద్ధకించి వార్తాపత్రికను వేసి ఇస్త్రీ చేసితిని. ఎత్తి చూతును గదా, కరగిన మైనముతో పాటు పత్రికలోని సిరాయు చీరకంటినది! రేకులనడుమ ఏదో ధరల పట్టిక తలక్రిందులుగా నల్లగా నిలిచినది. ఇట్టి చీర మఱియొకటి దొరకునది కాదు. ఆ రాత్రి నాకన్నము సహింపలేదు. మఱునాడు చీర చివరినుండి చెఱగు ముక్క కత్తిరించి ఆ మరక మీద అతుకు వేసితిని. తక్కిన యేడు పూవులు పూర్తిచేసితిని గాని, ఆ అతుకుమీద కడ్డీ పెట్టుటకు నాకు చేతులాడలేదు. అది తెల్లగానే యుండిపోయినది.

చేర్యాల మాకు దూరము కాదు. ఆ యూరు 2016 నుండి సిద్దిపేట జిల్లాలో చేరినది. అచ్చటి నకాషీ చిత్రకారులు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూతలుగా పట్టించి, బట్ట రంధ్రములన్నియు మూసిన పిమ్మటనే ఎఱ్ఱని నేలపై కథలు వ్రాయుదురు. వారి రంగు పూతమీద నిలుచును, మన మైనపు రంగు పోగులోనికి దిగవలెను. వారి పటము గోడకు వ్రేలాడును గాని, బొంత ప్రతిరాత్రియు నలుగును.

జనగామలో రైలెక్కి, కాజీపేట, వరంగల్లు దాటి మహబూబాబాదులో దిగితిని. మా పెద్దలు దీనిని మానుకోట యనియే పిలుతురు. అచ్చట మా యాడుబిడ్డ యింట రెండు దినములుంటిని. ఆ ప్రాంతమున లంబాడీ తండాలు హెచ్చు. ఆ స్త్రీల కుట్టుపనిని, అద్దములు గవ్వలు పొదిగిన కాంచళిని, ఫేటియాను చూడని వారుందురా? ఆ యింటికి పాలు పోయు తండా ముసలమ్మ నా బొంతను విప్పి చాలసేపు చూచినది. నేను మెప్పునకై కాచుకొని యుంటిని.

"రంగు మంచిగనే ఉన్నది బిడ్డా. నీళ్లు తాగితే రంగు పోతది, దారం పోదు. చుట్టు కుట్టకపోతివి?" అన్నది.

నాకు చుఱుక్కుమనినది, కాని మాట నిజము. ఎంత ఇస్త్రీ చేసినను ఈ రంగు వేడినీటికిని, సోడాకును తాళదు. "యాడీ, నీవే చూపుము" అంటిని. ఆమె నవ్వి కూర్చుండి, అద్దము చుట్టు కుట్టువలెనే పూరేకు అంచును ఎఱ్ఱదారముతో బిగించి చూపినది. రెండు దినములు మేమిద్దఱము, మా యాడుబిడ్డయు కుట్టితిమి. ఆమె వ్రేళ్లు నాకంటె మూడురెట్లు వేగముగా నడిచినవి. కూలి యీయబోగా పుచ్చుకొనలేదు. మిగిలిన దారపుండ మాత్రము కొనిపోయినది.

వరంగల్లుకు మఱల రైలులో వచ్చి, హనుమకొండలో భూపాలపల్లి బస్సెక్కితిని. 2023 డిసెంబరు నుండి ఈ బస్సులలో స్త్రీలకు ఛార్జీ లేదు గనుక కూర్చుండుటకు చోటు దొరకుటయే భాగ్యము. పరకాల దాటిన పిమ్మట రేగొండ వచ్చును. ఆ ప్రాంతముననే పాండవులగుట్ట కలదు. ఆ గుట్టలోని చిత్రములు 1990లో వెలుగులోనికి వచ్చినవి. ఆదిమానవులు ఎఱ్ఱని రంగుతో ఱాతిపై జంతువులను వ్రాసిరి. మేఘసందేశములోని యక్షుడును ఱాతిపై ధాతురాగములతోనే గదా ప్రియను లిఖించినది! గైరికపు ముక్కయు ఒక కడ్డీయే యని తలచుచు, ఒడిలోని మూటను సర్దుకొంటిని.

భూపాలపల్లి బొగ్గుగనుల యూరు. అక్క కూతురు వాకిటనే మూట లాగుకొని, విప్పి, ముఖమునకు హత్తుకొన్నది.

"అమ్మ వాసన లేదు చిన్నమ్మా, బడి వాసన వస్తున్నది" అని నవ్వినది. ఆ నవ్వు నిలువలేదు. ఇద్దఱమును కొంతసేపు మాటలాడలేదు.

ఈ బొంత నీకే గాని శిశువునకు కాదని ముందే చెప్పితిని. నోట బెట్టుకొను బిడ్డకు రంగులేని మెత్తని పాతగుడ్డ వేఱుగా తెచ్చితిని. చన్నీటిలోనే జాడింపవలెను, నానబెట్టరాదు, పిండరాదు, నీడన ఆరవేయవలెను అనియు చెప్పితిని. ఆమె వినినట్లే విని, మఱునాడు నేను వారించుచుండగనే ఒక మూలను బకెట్టులో ముంచినది. నీరు లేతగులాబి వన్నె తిరిగినది. ఎత్తి చూడగా పూవు కొంచెము వెలిసినది, ఎఱ్ఱని కుట్టు మాత్రము చెక్కుచెదరలేదు. బొగ్గుదుమ్ము పడునని దానిని ఇంటిలోపలి దండెముపై వేసితిమి.

అప్పుడామె తెల్లని యతుకును జూచి, "ఇదెందుకు ఇడిచిపెట్టినవ్?" అని యడిగినది. సిరామరక కథ చెప్పితిని. ఆమె విని, నా సంచిలో చేయిపెట్టి క్రేయాను ముక్కలన్నియు నేలపై పోసికొని, వానిలో గులాబిరంగును వెదకసాగినది.