జమ్ములో పెట్టె



ఈ వేసవి వి.బి.ఎస్.లో చిన్నపిల్లల తరగతికి బైబిల్లోని మొక్కల బొమ్మలు గీయించి రంగులు వేయించాలనుకున్నాం. ఏలూరు వెళ్లి కాగితాలు, రంగులు, చూసి గీసుకోడానికి చార్టులు కొనుక్కొచ్చాను. ఆ చార్టుల్లో ఏదెను తోట అంటే యాపిల్ చెట్టే. ఆ పండు పేరు బైబిల్లో ఎక్కడా లేదు. పేరున్నది అంజూరపు ఆకులకే. మా పిల్లలు యాపిల్‌ని బండి మీద చూశారు గానీ చెట్టున చూడలేదు. నేనూ చూడలేదు.

రెండో రోజుకే రంగులు అయిపోయాయి. అమ్మగారు (నా భార్యని సంఘమంతా అలాగే పిలుస్తారు) పిల్లల్ని పెరట్లోకి తీసుకెళ్లింది. దొండాకు నలిపితే పచ్చ. పసుపులో సున్నం కలిపితే ఎరుపు. శంఖుపూల రసం నీలం, అందులో నిమ్మకాయ పిండితే ఊదా. ఆ వింత చూడ్డానికి నా పెద్ద తరగతి పిల్లలు కూడా పాఠం వదిలేసి పోయారు.

మూడో రోజు మోషే కథ. నిర్గమకాండము రెండో అధ్యాయంలో మన తెలుగు బైబిలు వాడిన మాట జమ్ము. ఐగుప్తులో నైలు ఒడ్డున పెరిగింది పాపిరస్ అనే మరో మొక్క. తర్జుమా చేసినవారు మాత్రం మన నీళ్లలో మొక్క పేరే పెట్టారు. కొల్లేటి పిల్లలకి జమ్ము అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మందిరం వెనక కాలవలోనే మనిషెత్తున ఉంటుంది, గోధుమరంగు కంకులతో. పదిహేనేళ్లుగా ఈ కథ చెబుతూ నేను చార్టే చూపించాను. వెనక తలుపు తీస్తే సరిపోయేది!

పిల్లల్ని గట్టు మీద కూర్చోబెట్టాం. అందరూ కాగితం మధ్యలో పెట్టె, అందులో నవ్వే పసివాడు, పక్కన నాలుగు జమ్ము రెబ్బలు గీశారు. ఒక్క పాప, ఏడేళ్లుంటాయి, కాగితమంతా జమ్ముతో నింపేసింది. కింద ఇటుకపొడితో ఎర్రటి నీళ్లు. మూలన చిన్న ఆడపిల్ల. పెట్టె లేదు.

"పెట్టె మర్చిపోయావమ్మా" అని, అందరికీ ఇచ్చిన స్టారు ఆ పాపకి ఇవ్వలేదు. ఏమీ అనకుండా కాగితం తీసుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం అమ్మగారు అడిగితే చెప్పిందట: "పెట్టె లోపలుందండి. కనబడితే రాజుగారి మనుషులు పట్టుకుపోరా?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేట్లోకి వచ్చినప్పుడు ఆ పాప ఇంటి గుమ్మందాకా నీళ్లొచ్చాయి. తల్లి నెలల పిల్లాణ్ణి ఎత్తుకుని పడవ ఎక్కింది. పడవలో చోటు లేక పాప నాయనమ్మతో గట్టు మీదే ఉండిపోయింది, రెండోసారి వచ్చేదాకా. పడవ జమ్ము దాటి కనబడకుండా పోతుంటే ఆ పిల్ల చూస్తూ నిలబడింది. నాకెలా తెలుసంటే, ఆ పడవలో నేనూ ఉన్నాను. వెనక్కి తిరిగి చెయ్యి ఊపాను కూడా. మోషే అక్క దూరాన నిలబడి కనిపెట్టిందని ఎన్నిసార్లు ప్రసంగించానో! నిలబడిన పిల్ల గీసి చూపిస్తే పోల్చుకోలేకపోయాను.

మర్నాడు అందరి ముందూ నాదే తప్పని చెప్పి స్టారు ఇచ్చాను. బొమ్మ మీద ఎక్కడ అంటిస్తావమ్మా అన్నాను. కాసేపు ఆలోచించి, కాగితం తిప్పి వెనక్కి అంటించుకుంది.