306వ నంబరు గది!

మోటెల్ అనగానే హిచ్‌కాక్ 'సైకో' (1960) గుర్తొచ్చి ఒళ్ళు జలదరిస్తోందా? కాస్త ఆగండి! మనం వెళ్ళేది ఆ సెట్టుకి కాదు. అమెరికాలో టెనెసీ రాష్ట్రం, మెంఫిస్ నగరం, మల్‌బెరీ వీధిలో ఉన్న లోరైన్ మోటెల్‌కి.

మోటారు, హోటల్ కలిస్తే మోటెల్. కారు దిగితే ఎదురుగా గది తలుపే! కానీ ఒకప్పుడు అక్కడి దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్ళకి ఆ తలుపులు తెరిచేవారు కారు. వాళ్ళకి ఎక్కడ చోటు దొరుకుతుందో చెప్పే పుస్తకమే 'గ్రీన్ బుక్'. ఆ పేరుతో తీసిన సినిమా 2019లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ కొట్టేసింది కదూ! ఆ పుస్తకంలో లోరైన్ పేరుంది.

వాల్టర్ బెయిలీ అనే నల్లజాతి వ్యాపారి 1945లో ఈ హోటల్ కొన్నాడు. భార్య లోరీనీ, 'స్వీట్ లోరైన్' పాటనీ తలచుకుని ఆ పేరు పెట్టాడు. తర్వాత కొత్త గదులు కట్టి మోటెల్ చేశాడు. రే చార్లెస్, అరీతా ఫ్రాంక్లిన్, ఓటిస్ రెడ్డింగ్... ఎందరు దిగారనీ! విల్సన్ పికెట్, స్టీవ్ క్రాపర్ 1965లో 'ఇన్ ది మిడ్‌నైట్ అవర్' పాట కట్టింది ఇక్కడే. ఒకరు నల్లవాడు, ఒకరు తెల్లవాడు!

1968 ఏప్రిల్ 4 సాయంత్రం. పారిశుద్ధ్య కార్మికుల సమ్మెకి అండగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్ 306వ నంబరు గది ముందు బాల్కనీలో నిలబడ్డారు. ఒక్క తూటా! ఆయన వయసు అప్పటికి 39. ఆ రోజే జబ్బునపడ్డ లోరీ, కింగ్ అంత్యక్రియల నాడే కన్నుమూసింది. బెయిలీ ఆ గదిని మళ్ళీ ఎవరికీ అద్దెకివ్వలేదు.

బేరాలు పడిపోయాయి. తక్కువ అద్దెకి ఉండే పేదలే మిగిలారు. 1982లో మోటెల్ వేలానికొస్తే కొందరు చందాలు పోగేసి, అప్పు తెచ్చి 1,44,000 డాలర్లకి పాడుకున్నారు. 1991లో అది పౌరహక్కుల మ్యూజియం అయింది. ఆనాటి బోర్డు, బాల్కనీకి పూలచక్రం, కింద పాతకాలం కార్లు... అంతా అలాగే ఉంచారు.

ఇంతకీ, అసలు కథ రోడ్డుకి ఇవతల ఉంది. మ్యూజియం కోసం 1988 మార్చిలో ఆఖరి అద్దెదారుని బలవంతాన బయటికి పంపారు. ఆమె ఎదుటి పేవ్‌మెంటు మీదే దశాబ్దాల పాటు నిరసన సాగించింది. ఆ డబ్బు పేదల ఇళ్ళకి ఖర్చు పెట్టాలన్నది ఆమె వాదన.

మ్యూజియం రాకపోతే ఆ బాల్కనీ మిగిలేదో లేదో! అలాగని ఆమె మాట కొట్టిపారేయగలమా? కింగ్ ఆఖరిసారి ఆ ఊరు వచ్చింది చెత్త ఎత్తేవాళ్ళ కూలి కోసం మరి! ఎప్పుడైనా మెంఫిస్ వెళితే బాల్కనీ కింద ఫొటో దిగండి, తప్పులేదు. వెనక్కి తిరిగి ఆ పేవ్‌మెంటు వంక కూడా ఒకసారి చూడండి.