భూమి ఎక్కడున్నది?

ఈజిప్టు రాజధాని కైరో పక్కనే, నైలునదికి పడమటగా, గీజా అనే చోటు ఉన్నది. కూఫూ అనే రాజుకోసం సుమారు 4,500 సంవత్సరాల క్రితం కట్టిన మహా పిరమిడ్ అక్కడే ఉన్నది. రండి, దాని చుట్టూ ఒకసారి తిరిగి వద్దాం.

ముందు ఉత్తరపు వైపున నిలబడి చూడండి. ఒక పెద్ద త్రిభుజం వెనక్కు వాలి, ఆకాశంలోకి పోతున్నట్టు కనిపిస్తుంది. అది ఒక ముఖం. తూర్పున మరొకటి, దక్షిణాన ఒకటి, పడమట ఒకటి. ఒక్కొక్క వైపు పొడవు సుమారు 230 మీటర్లు. చుట్టూ తిరిగి వచ్చేసరికి మీరు దాదాపు కిలోమీటరు నడిచి ఉంటారు. ముఖాలు మాత్రం నాలుగే లెక్కకు వచ్చాయి, అవునా?

కాని ముఖాలు అయిదు! పిరమిడ్ కూర్చున్న అడుగుభాగం ఒక చతురస్రం. అదే అయిదవ ముఖం. గణితంలో దాన్ని 'భూమి' అంటారు. పిరమిడ్‌కు పేరు వచ్చేది ఈ కనబడని భూమినిబట్టే. ఇక్కడ భూమి చతురస్రం గనక ఇది చతురస్ర పిరమిడ్. భూమి త్రిభుజమైతే త్రిభుజ పిరమిడ్ అయ్యేది.

కట్టినవాళ్ళకు ఈ భూమి విలువ బాగా తెలుసు. ఒక మూల పక్కకు జరిగినా, ఒక వైపు పల్లమైనా, ఒకే వాలున లేచిన నాలుగు ముఖాలూ పైన ఒక్క బిందువు దగ్గిర కలవవు. అందుకే వాళ్ళు ఎంతో జాగ్రత్తగా కొలిచి కట్టారు. నాలుగు వైపుల పొడవుల్లో తేడా కొద్ది సెంటీమీటర్లే!

ఇప్పుడు లోపలికి పోదాం. అక్కడ 'రాణి గది' అని పిలిచే గది ఒకటి ఉన్నది. దాని కప్పు మన పెంకుటింటి కప్పులాగా రెండు వైపులకూ వాలి ఉంటుంది. అందువల్ల తూర్పు గోడ, పడమటి గోడ పంచభుజి ఆకారంలో ఉంటాయి. తూర్పు గోడలో ఉన్న గూటిని వదిలేసి ముఖాలు లెక్కపెట్టండి: నేల, నాలుగు గోడలు, కప్పుకు రెండు వాలులు. మొత్తం ఏడు. ఇటువంటి ఆకారాన్ని పట్టకం అంటారు.

మరి దీని భూమి ఎక్కడున్నది? మీ కాళ్ళ కింద అనుకుంటున్నారా? కాదు! ఈ గదిని తూర్పు గోడకు సమాంతరంగా ఎక్కడ కోసినా అదే కొలత గల పంచభుజి వస్తుంది. కనక తూర్పు గోడ ఒక భూమి, పడమటి గోడ రెండవ భూమి. మీరు నిలబడిన నేల పక్క ముఖాలలో ఒకటి మాత్రమే! పిరమిడ్‌ను దాని భూమికి సమాంతరంగా కోస్తూ పైకి పోతే, చతురస్రం అంతకంతకు చిన్నదవుతుంది. దానికి భూమి ఒకటే.

ఇంతకూ లెక్క సులువు. భూమికి ఎన్ని భుజాలో చూడండి. ఒకటి కలిపితే పిరమిడ్ ముఖాలు, రెండు కలిపితే పట్టకం ముఖాలు.

గీజాకు దక్షిణాన దహషూర్‌లో కూఫూ తండ్రి స్నెఫ్రు కట్టించిన పిరమిడ్ ఒకటి ఉన్నది. దాని నాలుగు వైపులూ మధ్యలో వాలు మార్చుకుని లోపలికి వంగుతాయి. దానికి ముఖాలు ఎన్నో చెప్పగలరా? అడుగున ఉన్నదాన్ని మరిచిపోకండి!